మల్లయ్య మందకు పైహద్దు

"నమ్మేవాళ్ళు ఒక టీ తాగండి, నమ్మనోళ్ళు రెండు తాగండి. నమ్మనోళ్ళకు టైం ఎక్కువ పడుతుంది."

మల్లయ్య ఏ సంగతి మొదలుపెట్టినా ఇట్లాగే మొదలుపెడతాడు. దానివల్ల ఆయనకు ఒరిగేదేమీ లేదు గానీ టీ బంకు నాగవేణికి మాత్రం బాగా గిట్టుబాటవుతుంది. అందుకే గిద్దలూరు నుంచి కొమరోలు పోయే రోడ్డు మీద, ఊరి మలుపులో ఉన్న ఆ బంకు ముందర బల్ల నడిమి చోటు ఎప్పుడూ మల్లయ్యదే. తెలియక ఎవరన్నా అక్కడ కూర్చుంటే నాగవేణే లేపి పంపిస్తుంది.

ఆ సాయంత్రం మల్లయ్య మూడు నెలల తర్వాత ఆ చోట్లో కూర్చున్నాడు. శివరాత్రి పోయినాక గొర్రెల మందను తోలుకొని యర్రగొండపాలెం అవతలికి, నల్లమల అంచుకు మేతకు పోయినవాడు ముందురోజు సాయంత్రమే తిరిగొచ్చాడు. మందను గుట్టకు అవతలి పక్క ఆపి, బావమరిదిని కాపలా పెట్టి, తానూ భార్య రోశమ్మా ఊళ్ళోకి దిగారు. రోశమ్మ వచ్చింది ఉప్పూ చింతపండూ కొనడానికి. మల్లయ్య వచ్చింది మాట్లాడటానికి. మూడు నెలలు ఇంటివాళ్ళతో, గొర్రెలతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడని నోరు ఎంత ఆకలి మీద ఉంటుందో మీరే ఊహించుకోండి. పైగా ఈసారి అడవిలో ఒక బండరాయి మీద సిగ్నల్ బ్రహ్మాండంగా అందిందట. పగలంతా గొర్రెలు మేస్తుంటే మల్లయ్య ఆ బండ మీద పడుకొని ఫోన్‌లో దొరికిన వీడియోనల్లా చూశాడు. అర్థమైంది సగం, కానిది సగం, మొత్తం బుర్రలో మోసుకొని దిగాడు.

బల్ల చివర మాలకొండమ్మ కూర్చుని ఉంది. ఆమె చేతిలో టీ చల్లారిపోయింది. ఆమె కబుర్లకు రాలేదు.

మాలకొండమ్మకు గుట్ట కింద రెండున్నర ఎకరాల చేను ఉంది. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. ఆ నీళ్ళే పెట్టీ పెట్టీ నేల పెంకు కట్టుకుపోయింది. నిరుడు కంది మోకాలెత్తు కూడా లేవలేదు. అట్లాంటి నేలకు మందు ఒకటే, గొర్రెల మంద. వానలకు ముందు నాలుగు రాత్రులు మందను చేలో పడుకోబెడితే పెంటికలూ మూత్రమూ పడి నేల గుల్లబారుతుంది, బస్తాల ఎరువు ఇవ్వలేని బలం ఇస్తుంది. వాన పడిందంటే మాత్రం అంతే సంగతి. తడి నేల మీద గొర్రె పడుకోదు, పడుకున్నా గిట్టలు చెడతాయి. ఆ సాయంత్రం నల్లమల వైపు మబ్బు అప్పుడే నల్లగా దిగుతోంది.

మాఘంలో చెరువు ఎండిపోయినప్పుడు, అడవికి పోయేదాకా మల్లయ్య మంద తాగింది మాలకొండమ్మ బోరు తొట్టిలోనే. "వానలకు ముందు మొదటి మంద నీ చేలోనే పెడతా కోడలా" అని మల్లయ్య అప్పుడు మాటిచ్చాడు. ఆ మాట గుర్తుచేయడానికే ఆమె గంట నుంచి కాచుకొని కూర్చుంది. తీరా ఆమె నోరు తెరిచే సమయానికి కొండలరావు మోటార్ సైకిల్ వచ్చి ఆగింది.

కొండలరావుది రోడ్డు పక్క పెద్ద చేను, వెనక మామిడి తోట. ఊళ్ళో ఏది పెద్దదైతే అది తన దగ్గరే ఉండాలని ఆయన కోరిక. పెద్ద ట్రాక్టరు ఆయనదే, పెద్ద కుక్క ఆయనదే. దిగీ దిగక ముందే అడిగాడు.

"ఏం మల్లయ్యా, అడవిలో మంద బాగా పెరిగిందంటనే? ఎన్ని అయినాయి?"

బల్ల వెనక గట్టు మీద వక్క నములుతున్న రోశమ్మ చటుక్కున తల ఎత్తింది. గొర్రెలున్న ఇళ్ళలో ఈ ప్రశ్న ఎవరూ అడగరు. అడిగినా ఎవరూ చెప్పరు. గొర్రెలను లెక్కపెట్టి నోటితో అంకె చెబితే మంద తరిగిపోతుందని వాళ్ళ నమ్మకం. సాయంత్రం మంద దొడ్లోకి వస్తుంటే ముఖాలు చూసి పోల్చుకుంటారు. బొల్లిది వచ్చిందా, కుంటిది వచ్చిందా, పొడుగు చెవులది వచ్చిందా, అంతే. ఒకటి రెండు మూడు అనరు. రోశమ్మ వాళ్ళ నాయన ఒకసారి సంతలో ఎవరికో అంకె చెప్పి ఏడాది తిరక్కుండా మందంతా పోగొట్టుకున్నాడట. ఆ సంగతి ఆమె మల్లయ్యకు వారానికొకసారి గుర్తుచేస్తుంది.

చూశారా, కోతలు కోసే మనిషికి ఎట్లాంటి వరం దొరికిందో! తన సొత్తు ఎంతో ఎవరూ లెక్కపెట్టకూడదు, తాను ఏం చెప్పినా ఎవరూ పోయి సరిచూడకూడదు. ఇట్లాంటి వీలు రాజులకు కూడా ఉండి ఉండదు.

"లెక్క చెప్పకూడదు కొండలరావన్నా, నీకు తెలియంది ఏముంది," అన్నాడు మల్లయ్య గ్లాసు కింద పెట్టి. "ఈత మాత్రం ఈసారి బాగుంది. అబద్ధమెందుకు, ఒక మోస్తరుగా బాగుంది. ప్రతి గొర్రే రెండేసి ఈనింది. వాటి పిల్లలు మళ్ళీ ఈనినాయి."

"మూడు నెలల్లోనా?" అన్నాడు నరేష్. అతను డిగ్రీ పూర్తిచేసి ఏవో పోటీ పరీక్షలకు చదువుకుంటున్న కుర్రాడు. చదువు బంకులోనే జరుగుతుంది. "గొర్రె అయిదు నెలలు మోస్తది గదా మామా?"

"అది ఊళ్ళో గొర్రె రా అబ్బాయ్. ఇక్కడ దానికి ఎండ, మేత కరువు, నీ బోటి వాళ్ళ ప్రశ్నలు. అడవిలో ఏముంటది? గాలి, పచ్చిక, సెలయేరు. తొందరగా ఈనక ఏం చేస్తది? సరే, విను. ఒకనాడు పొద్దున్నే మందను దోర్నాల రోడ్డు దాటించాల్సి వచ్చింది. ముందర పొట్టేలు రోడ్డెక్కింది, దాని వెనక ఇంకోటి, దాని వెనక ఇంకోటి. అంతలో శ్రీశైలం పోయే తెల్ల కారొకటి వచ్చి ఆగింది. హారన్ కొట్టినాడు. కొట్టుకోనీలే, హారన్‌కు గొర్రె ఆగుతదా? దాని వెనక బస్సు ఆగింది, బస్సు వెనక లారీ, లారీ వెనక ఒక పెళ్ళివాళ్ళ వ్యాను. గొర్రెలు దాటుతానే ఉండాయి. మధ్యాన్నమైంది, దాటుతానే ఉండాయి. బస్సోళ్ళు దిగి పొయ్యి రాజేసి అన్నాలు వండుకున్నారు. ముహూర్తం మించిపోతాందని పెళ్ళివాళ్ళు రోడ్డు మీదనే తాళి కట్టించినారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"భోజనాలు పెట్టినారా?" అంది నాగవేణి గ్లాసులు కడుగుతూ.

"భోజనాలేంది, ఆ పిల్లకు కడుపొచ్చి నెలలు నిండి కొడుకు పుట్టినాడు. వాడు నడకలు నేర్చి, నా మంద తోక ఇంకా రోడ్డు దాటకముందే వచ్చి నన్ను తాతా అని పిలిచినాడు!"

బంకు ముందర నవ్వులు లేచాయి. మల్లయ్య నవ్వలేదు. కోతలు కోసేవాడు నవ్వకూడదు, అది ఆ విద్యలో మొదటి పాఠం. కొండలరావు కూడా నవ్వలేదు. ఆయన మనసులో వేరే కూడిక జరుగుతోంది. మల్లయ్య మాటల్లో నూటికి తొంభై తొమ్మిది తీసేసినా మిగిలే మంద ఎంతదో అని ఆలోచిస్తున్నాడు.

"అయితే మల్లయ్యా, ఈ రాత్రికి మంద నా చేలో పెట్టు," అన్నాడు.

మాలకొండమ్మ గబుక్కున ముందుకు వంగింది. "మామా, నా చేను..." అంది.

"పెడదాంలే కోడలా, అందరి చేలల్లో పెడదాం. నా మంద ఒక చేనుకు సరిపోతదా? కొండలరావన్నా, నీ చేలో తల పెడితే తోక మాలకొండమ్మ చేలో ఉంటది. నడిమి భాగం ఎక్కడ పెట్టాలా అని నేను ఆలోచిస్తాండా!"

మాలకొండమ్మకు ఒళ్ళు మండింది. ఇచ్చిన మాటను ఇంత తేలిగ్గా ఊరందరికీ పంచిపెట్టే మనిషిని ఏమనాలి? గట్టిగా ఏమన్నా అంటే ముసలాయన అలిగి మందను పక్క ఊరికి తోలుకుపోతాడు. ఊరుకుంటే కొండలరావు తోలుకుపోతాడు. పైన చూస్తే మబ్బు. పళ్ళు బిగబట్టి కూర్చుంది.

మల్లయ్య రెండో టీ అందుకున్నాడు.

"ఆ తెల్ల కారులో ఎవరున్నారో చెప్పలేదు గదా? లెక్కల సారు. ఎక్కడిదో పెద్ద యూనివర్సిటీ. కాలేజీ పిల్లకాయల లెక్కలు కాదు, ఆయన చెప్పే లెక్కల్లో అంకెలే ఉండవు, అంత పెద్ద లెక్కలు. ఊరికే కూర్చోలేక నా గొర్రెలను లెక్కపెట్టడం మొదలుపెట్టినాడు. వెయ్యి, లక్ష, కోటి. కోటి అయిపోయింది. శతకోటి అన్నాడు, అర్బుదం అన్నాడు, ఖర్వం, పద్మం, శంఖం, మహాశంఖం. చెమటలు కారుతాండాయి సారుకు. పరార్ధం అన్నాడు. అది మన పెద్దోళ్ళు పెట్టిన పేర్లలో చివరాఖరిది. 'మల్లయ్య గారూ, పేర్లు అయిపోయినాయండీ' అన్నాడు. గొర్రెలు అయిపోలేదు!"

"నీ పేరు ఆయనకెట్ల తెలుసు?" అన్నాడు నరేష్.

"పెళ్ళికొడుకు చెప్పినాడు. మధ్యలో అడ్డం రావాక. అప్పటికి నాకు సంగతి తెలిసింది. పరిగెత్తిపోయి సారు నోరు మూసినా. 'అయ్యా, మా మందను లెక్కపెట్టకూడదు, దిష్టి' అన్నా. ఆయన ఎంత మర్యాదస్తుడో! 'మన్నించండి, ఇక లెక్కపెట్టను. మా శాస్త్రంలో లెక్కపెట్టకుండానే చెప్పే దారి ఒకటుంది. ఎన్ని ఉన్నాయో తెలియకపోయినా ఫరవాలేదు. ఇంతకు మాత్రం మించవు అని చెప్పగలిగితే చాలు. దాన్ని పైహద్దు అంటాం' అన్నాడు. నేను రోశమ్మను అడిగినా. అది లెక్క కాదు గదా, హద్దే గదా, దిష్టి తగలదులే అనింది."

రోశమ్మ వక్క పక్కకు ఉమ్మి, "నేను అనలేదు," అంది. ఎవరూ పట్టించుకోలేదు.

"అప్పర్ బౌండ్," అని గొణిగాడు నరేష్. ఆ మాట నిజంగానే పుస్తకాల్లో ఉందని అతని ముఖం చూస్తే అందరికీ అర్థమైంది. కొండలరావు ఒక కుర్చీ లాక్కొని కూర్చున్నాడు.

"సారు కాగితం తీసినాడు. మూడు రాసినాడు. ఆ మూడు నెత్తిన, కుడి పక్కన చిన్న మూడు. అంటే మూడును మూడు తూర్లు హెచ్చవేయాల. ఇరవై ఏడు. అంతేనా అన్నా నేను. ఉండు మల్లయ్యా అని ఆ చిన్న మూడు నెత్తిన ఇంకో మూడు ఎక్కించినాడు. మూడే మూళ్ళు, ఒకదాని నెత్తిన ఒకటి, గడ్డివాము పేర్చినట్ల. ఎంతైందో తెలుసా? ఏడున్నర లక్షల కోట్లు దాటింది!"

"ఊరుకో మామా, మూడు మూళ్ళకా?" అన్నాడు నరేష్.

"నీ చేతిలో ఫోన్ ఉంది గదా. చూసుకో."

నరేష్ ఫోన్‌లో కొట్టాడు. మూడును మూడు సార్లు హెచ్చవేస్తే ఇరవై ఏడు, మళ్ళీ మూడును ఇరవై ఏడు సార్లు హెచ్చవేశాడు. చూసి, మళ్ళీ కొట్టాడు. అతని నోరు కొంచెం తెరుచుకుంది. "నిజమే," అన్నాడు నెమ్మదిగా. "ఏడు లక్షల అరవై రెండు వేల కోట్లు."

మల్లయ్య నోట నిజం రావడం ఆ బల్ల చరిత్రలో అదే మొదలు. మాలకొండమ్మకు భయం వేసింది. ఒక్క నిజం చాలు, మిగతా కోతలన్నీ దాని చెయ్యి పట్టుకొని లోపలికి వచ్చేస్తాయి. కొండలరావు ముఖంలో ఆ వెలుగు కనబడనే కనబడింది. ఆయన మెల్లగా "మామిడి తోటలో కూడా పెట్టాల మల్లయ్యా, నాలుగు రాత్రులూ నాకే" అన్నాడు.

మల్లయ్యకు ఆ మాట చెవికెక్కిందో లేదో, "అట్లనే, అట్లనే" అని చెయ్యి ఊపేశాడు. ఆయన ఇప్పుడు నేల మీద లేడు.

"నాలుగో మూడు ఎక్కించినాడు. అప్పుడు వచ్చిన సంఖ్యను రాయాలంటేనే మూడున్నర లక్షల కోట్ల అంకెలు కావాల. కాగితాలు యాడ సాలుతాయి? పలకలు కావాలన్నాడు. మార్కాపురానికి మనిషిని పంపించినాం. లారీలకు లారీలు పలకలు దిగినాయి. క్వారీలో మిగిలిన రాయంతా కోసి తెచ్చినారు. అందుకే ఇప్పుడు మార్కాపురం పలకలు మునుపటంతగా దొరకడంలా, గమనించినారా?"

"ప్లాస్టిక్ పలకలొచ్చి గదా మామా అవి పోయింది?" అంది నాగవేణి.

"ప్లాస్టిక్‌వి ఎందుకొచ్చినాయి? రాతి పలకలన్నీ నా గొర్రెలకు అయిపోయినందుకు వచ్చినాయి! విను. నాలుగు మూళ్ళు కూడా నా మందకు సాల్లేదు. అప్పుడు సారు ఏం చేసినాడో తెలుసా? ఇందాక ఏడున్నర లక్షల కోట్లు వచ్చినాయే, అన్ని మూళ్ళు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కించినాడు. నెత్తి మూడు యాడుందో కంటికి ఆనదు. నల్లమల మీద పోయే విమానాలు ఇప్పటికీ ఆ చోట కొంచెం పక్కకు తిరిగి పోతాయి, ఈ తూరి చూడండి. ఆ వాము మొత్తం కలిపి ఒక సంఖ్య గదా? ఆ సంఖ్య ఎంతో, అన్ని అంతస్తుల వాము ఇంకోటి. దాని సంఖ్య ఎంతో, అన్ని అంతస్తులది మళ్ళా ఇంకోటి. ఒక వాము ఇంకో వాముకు నిచ్చెన. అట్ల కట్టుకుంటా కట్టుకుంటా పోయి, అలిసిపోయి, కారు బానెట్టు మీద కూలబడి, 'మల్లయ్య గారూ, మీ గొర్రెలు ఇంతకు మించవు. ఇది మాత్రం ఖాయం' అన్నాడు. అప్పుడు ఆయన కళ్ళల్లో నీళ్ళు. లెక్కల శాస్త్రం పుట్టినప్పటి నుంచి, నిజంగా ఉన్న వస్తువుకు ఇంత పెద్ద పైహద్దు ఎవరూ కట్టలేదంట. విదేశాల లెక్కలోళ్ళు మీటింగ్ పెట్టుకున్నారు. ఆ సంఖ్యకు మల్లయ్య సంఖ్య అని పేరు పెడతామని ఫోన్ చేసినారు. నేనే వద్దన్నా."

"ఎందుకు వద్దన్నావు?" అన్నాడు నరేష్. అతను ఇప్పుడు నిజంగానే తెలుసుకోవాలనుకుంటున్నాడు.

"పొట్టేలుది ఆ కష్టం, పేరు నాది ఎందుకని."

నవ్వుల మధ్య కొండలరావు లేచి నిలబడ్డాడు. "సరే మల్లయ్యా, మాట అనుకున్నట్టే. ఈ రాత్రి నుంచి నాలుగు రాత్రులు నాకే. నీకూ రోశమ్మకూ నీ బావమరిదికీ అన్నాలు మా ఇంట్లోనే. చీకటి పడకముందే తోలుకొని రా."

మాలకొండమ్మ చల్లారిన టీని ఒక్క గుక్కలో తాగి గ్లాసు బల్ల మీద పెట్టింది. ఆమె చదువుకుంది ఏడో తరగతి వరకే. ఆ సారు కట్టిన వాములు ఆమెకు ఒక్కటీ ఎక్కలేదు. కానీ ప్రతి ఏడూ చింతకాయ గుత్తకు తీసుకునే వ్యాపారి ఇంటికి వస్తాడు. చెట్టు కింద నిలబడి తల ఎత్తి చూస్తాడు. కాయ కోయకుండా, తూకం వేయకుండా, మించితే ఇంత, తగ్గితే ఇంత అంటాడు. చెట్టు అమ్మేవాళ్ళు ఎప్పుడూ మించితే అన్న మాటే పట్టుకుంటారు. కొనేవాళ్ళు తగ్గితే అన్న మాట దగ్గరే ఆగుతారు. ఈ పొద్దు ఇక్కడ రెండో మాట ఎవరూ అడగలేదని ఆమెకు తట్టింది. మల్లయ్య మంద ఎంతదో ఆమెకు బాగానే తెలుసు. శివరాత్రికి ముందు తొట్టి దగ్గర రోజూ చూసింది. తన రెండున్నర ఎకరాలకు దిట్టంగా సరిపోయే మంద అది. కొండలరావు చేనుకు మాత్రం ఒక మూలకు కూడా చాలదు.

"మామా, ఒక్క మాట," అంది మహా వినయంగా. "నీ కథ విని నా కడుపు నిండిపోయింది. ఆ సారు మించితే ఎంతో చెప్పినాడు, బాగుంది. తగ్గితే ఎంతన్నాడు?"

మల్లయ్య గ్లాసు దించాడు.

"తగ్గితేనా?"

"ఆ. పైహద్దు ఉంటే కింది హద్దు ఉండదా? అంత పెద్ద సారు ఒక పక్కనే కట్టి వదిలేస్తాడా?"

ఇక్కడ మల్లయ్య "చెప్పలేదు" అంటే సరిపోయేది. కానీ ఆయనకు తెలియదు అని ఒప్పుకునే అలవాటు పుట్టుకతోనే లేదు. పైగా ఆ బండ మీద పడుకొని చూసిన వీడియోలో కింది హద్దు గురించీ చెప్పారు. తెలిసిన సంగతిని నోట్లో దాచుకోవడం ఆయన వల్ల అయ్యే పని కాదు.

"చెప్పకేం, చెప్పినాడు. అది ఇంకా గొప్ప సంగతి. లెక్కల్లో అబద్ధమాడకూడదు గదా, కంటితో చూసిందాన్నే కింది హద్దు కింద పెట్టాల. ఆ పొద్దు నా మంద లేపిన దుమ్ము ఎట్లాంటిదనుకున్నారు? సూర్యుడు కనపడలా. ఆ దుమ్ములో సారు కళ్ళకు స్పష్టంగా ఆనింది పదమూడు. 'పదమూడుకు తగ్గవు, ఇది ప్రమాణం చేసి చెప్తా' అన్నాడు. అంత నిజాయితీ మనిషి!"

అని గర్వంగా చుట్టూ చూశాడు.

"పదమూడు," అంది మాలకొండమ్మ.

"పదమూడు," అన్నాడు మల్లయ్య.

"అంటే సారు లెక్క ప్రకారం నీ మంద పదమూడుకూ ఆ గడ్డివాముకూ నడుమ యాడో ఒకచోట ఉంది. యాడుందో ఆయనకు తెలియదు."

"ఆ... అంతే."

"పదమూడే ఉండాయనుకో మామా. అప్పుడు సారు చెప్పింది తప్పవుతదా?"

జవాబు నరేష్ దగ్గర్నుంచి వచ్చింది. అతను తొడ మీద చరుచుకొని, "కాదు పిన్నీ! పదమూడున్నా సారు మాట నూటికి నూరు పాళ్ళు కరెక్టే! వాము ఎంత ఎత్తుకు కట్టినా మంద పెరగదు గదా!" అన్నాడు. నాగవేణికి పొలమారింది. బస్సు కోసం నిలబడిన వాళ్ళు కూడా వెనక్కి తిరిగి నవ్వారు.

కొండలరావు నవ్వలేదు. ఆయన ముఖంలో ఇందాకటి వెలుగు ఆరిపోయింది. నూటికి తొంభై తొమ్మిది తీసేస్తే మిగిలేది ఎంతో అని ఇందాక కూడికలు వేసుకున్న మనిషి, ఇప్పుడు పదమూడులో నుంచి తీసివేతలు మొదలుపెట్టాడు. అడవిలో చిరుతలుంటాయి. జబ్బులుంటాయి. మందను గుట్ట అవతలే ఎందుకు ఆపినట్టు? నిన్న వచ్చినవాడు ఇంతవరకు ఊళ్ళోకి ఎందుకు తోలుకురానట్టు?

"పదమూడు గొర్రెలకు మా ఇంట్లో ముగ్గురికి నాలుగు రోజులు అన్నాలు వండించాలా?" అన్నాడు. "పెంటికలు ఏరి చెట్టుకొకటి పెట్టుకోవాలా? నాకొద్దులే మల్లయ్యా. కోళ్ళ ఎరువు ట్రాక్టరు తోలించుకుంటా." మోటార్ సైకిల్ తాళం తిప్పాడు.

మల్లయ్య దిగ్గున లేచాడు. ఇప్పుడు ఆయన ముఖం చూస్తే ఎవరికైనా జాలి వేసేది. కోసిన కోతలకు నవ్వితే ఆయనకు బాధ లేదు. కానీ తన మందను పదమూడు అనడమా! ఆ గొర్రెల్లో ఒక్కొక్కదాన్ని ఆయన చేతుల మీద పెంచాడు. వానలో ఎత్తుకొని నడిచాడు.

"ఆగు కొండలరావన్నా! పదమూడేంది, మనిషన్నాక కొంచెం తెలివుండొద్దా? నా మందలో గట్టిగా చూసుకుంటే నూ..."

"ఊఁ," అంది రోశమ్మ వెనక నుంచి.

ఒక్క అక్షరమే. మల్లయ్య మాట అక్కడే తెగింది.

"చెప్పు, ఆపినావెందుకు?" అంది రోశమ్మ లేచి చీర కొంగు బిగించి. "శంఖాలూ పద్మాలూ ఎన్నైనా కోసుకో, వాటికి దిష్టి లేదు, అవి మన గొర్రెలు కావు. అసలు అంకె నీ నోట్లోంచి బయటపడిందో, ఈ రాత్రికి నీకు అన్నమూ లేదు, మందలో చోటూ లేదు."

పాపం మల్లయ్య! మాటల్లో ఆకాశం దాకా వాములు కట్టి, విమానాలను దారి మళ్ళించిన మనిషి, తన దొడ్లో ఉన్న చిన్న నిజం అంకె ఒకటి చెప్పుకోలేక రోడ్డు పక్కన నిలబడిపోయాడు. చేతులు మాత్రం గాల్లో ఏదో కొలత చూపించబోయి, రోశమ్మను చూసి కిందికి దిగాయి. కొండలరావు బండి మలుపు తిరిగి పోయింది.

మాలకొండమ్మ కొంగు సర్దుకొని లేచింది. గెలిచినందుకు ఆమెకు సంతోషంగానే ఉంది. ముసలాయన ముఖం చూస్తే మాత్రం మనసు చివుక్కుమంది. దగ్గరికి పోయి మెత్తగా అంది.

"మామా, నాకు లెక్కలొద్దు. ఎన్నుంటే అన్ని. నా చేను దున్ని పెట్టినా, రాళ్ళు ఏరినా. మీ ముగ్గురికీ సంగటి నేనే చేసి పెడతా. వాన ముంచుకొస్తాంది, పోయి తోలుకొని రా."

మల్లయ్య ఒకసారి మలుపు వైపు చూశాడు. టవల్ దులిపి భుజం మీద వేసుకున్నాడు. రోశమ్మ ముందు నడుస్తుంటే, మాలకొండమ్మ పక్కన తానూ గుట్ట దారి పట్టాడు. బంకు దాటి నాలుగు అడుగులు వేశారో లేదో, ఆయన గొంతు మళ్ళీ లేచింది.

"సరే కోడలా, పదమూడే అనుకో. నీ మాటే ఖాయం చేస్తాం. కానీ ఆ పదమూడు ఒక్కొక్కటీ ఎంతుంటదో తెలుసా నీకు? ముందర పొట్టేలు గుట్ట మీద నిలబడితే..."

"ఎంతన్నా ఉండనీ మామా," అంది మాలకొండమ్మ అడుగు వేగం పెంచి. "పెంటికలు వేస్తదా లేదా, అది చెప్పు."